అద్దెవాళ్లు ఖాళీ చేసేటప్పుడు క్లీనింగ్, పెయింటింగ్ ఖర్చు: అడ్వాన్స్‌లోంచి ఎంత పట్టుకోవడం న్యాయం?

మియాపూర్_ఓనర్
అందరికీ నమస్కారం. మియాపూర్‌లో మాకో టూ బెడ్‌రూమ్ ఫ్లాట్ ఉంది. నాలుగేళ్లుగా ఒకే కుటుంబం ఉంటోంది. అద్దె ఏనాడూ ఆలస్యం చేయలేదు. ఇప్పుడు సొంతిల్లు కొనుక్కుని నెలాఖరుకి ఖాళీ చేస్తున్నారు. అద్దె 22,000. నా దగ్గరున్న అడ్వాన్స్ 44,000.

మొన్న వెళ్లి చూసొచ్చాను. హాల్లో రెండు గోడల మీద పిల్లాడి చెయ్యి అందినంత ఎత్తు వరకు స్కెచ్ పెన్ గీతలు. స్టవ్ వెనక టైల్స్ జిడ్డు పట్టి ఉన్నాయి. బాత్రూముల్లో కుళాయిల మొదట్లో తెల్లగా ఉప్పు పేరుకుంది. పూజ గూట్లో దీపం మసి పైదాకా పాకింది. పెద్ద బెడ్‌రూమ్‌లో బాత్రూమ్ వైపు గోడ చెమ్మకి పెచ్చులూడుతోంది. ఒక కిటికీ దోమల జాలీ చిరిగింది.

ఇల్లంతా పెయింట్ వేయడానికి మేస్త్రి 38,000 అన్నాడు. డీప్ క్లీనింగ్ వాళ్లు 5,500 అన్నారు. రెండూ కలిపితే దాదాపు అడ్వాన్స్ మొత్తం అయిపోతుంది. అగ్రిమెంట్‌లో "ఖాళీ చేయునపుడు ఒక నెల అద్దె పెయింటింగ్ నిమిత్తం మినహాయించబడును" అని ఉంది. మా అపార్ట్‌మెంట్‌లో ఓనర్లందరూ అదే చేస్తారు. నాకు మాత్రం న్యాయంగా వాళ్ల వంతు ఎంతో అంతే తీసుకోవాలని ఉంది. ఆ లెక్క ఎలా కట్టాలో అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

నిజాంపేట_కిరాయి
మీరు అడిగిన తీరు చూస్తే మంచిగనిపించింది అన్నా. మా పాత ఓనరు గిట్ల అడగనే లేదు. చాబీ ఇచ్చినంక నెల కిరాయి 18,000 పట్టుకున్నడు. బిల్లు చూపియ్యమంటే అగ్రిమెంట్‌ల ఉన్నది గద అన్నడు. మేం ఖాళీ చేసిన వారంలనే వేరేటోళ్లు దిగిన్రు. వాళ్లు మా ఆఫీసుల పనిచేసేటోళ్లే. రంగు ఎయ్యలే, కడగలే. క్యాలెండర్ కోసం నేను కొట్టిన మేకు సుత గట్లనే ఉన్నదని ఫోటో పంపిన్రు. నా 18,000తోటి ఆ గోడకు ఏం చేసిండో నాకిప్పటికీ అర్థం కాదు.

నాది ఒక్కటే మాట. పైసలు కట్ చేస్తే పని చేయించండి. చేయించినట్టు బిల్లు చూపియ్యండి.

సత్యనారాయణపురం_పోర్షన్లు
విజయవాడలో మాకు నాలుగు పోర్షన్లు ఉన్నాయండీ. మా అత్తగారి కాలం నుంచి అద్దెకి ఇస్తున్నాం. మా పద్ధతి చెప్తాను, పనికొస్తే తీసుకోండి.

వెళ్లేది ఫలానా తేదీ అని ఖాయం కాగానే, సుమారు పదిహేను రోజుల ముందు నేను, ఆ ఇంటావిడ కలిసి పోర్షన్ అంతా ఓసారి చూస్తాం. ఓనర్‌గా తనిఖీకి వెళ్లినట్టు కాకుండా, కాఫీ తాగుతూనే చూస్తాం. కనబడినవి కాగితం మీద రాసుకుంటాం. స్టవ్ గట్టు, సింకు, బాత్రూమ్ నేల, అటకల మీద సామాను, కిటికీ ఊచల దుమ్ము. వాటిలో వాళ్లు చేసుకోగలిగినవి వాళ్లు చేసుకుంటారు. కుదరదంటే మా పనమ్మాయి చేస్తుంది. ఆ కూలి వాళ్లే నేరుగా ఆ అమ్మాయి చేతికి ఇస్తారు. మధ్యలో నా చేతికి రూపాయి రాదు కాబట్టి మాట పడే పనే లేదు.

గోడలకి వెల్ల గానీ రంగు గానీ ఎప్పుడూ మా ఖర్చే. కొత్తగా వచ్చేవాళ్లు పాలు పొంగించుకుని దిగుతారు. వేరేవాళ్ల చేతి మరకలున్న ఇంట్లో వాళ్లని పాలు పొంగించుకోమనడం నాకు మనసొప్పదు. అది ఇల్లు అద్దెకిచ్చేవాళ్ల బాధ్యతే. అడ్వాన్స్‌లోంచి తీసేది విరిగినవాటికి, పోయినవాటికి మాత్రమే. కుళాయి విరిగిందా, కొత్తది కొన్న చీటీ చూపించి అంతే తీస్తాను.

వెళ్లేవాళ్లకి పదిహేను రోజుల ముందే చెప్తే చేసుకుంటారండీ. తాళాలిచ్చాక చెప్తే ఎవరికైనా కోపమే వస్తుంది.

కూకట్‌పల్లి_రెండిళ్లు
అందరు అద్దెవాళ్లూ కాఫీ తాగుతూ మాట్లాడుకునే రకం ఉండరండి. మా రెండో ఇంట్లో నలుగురు బ్యాచిలర్లు ఉండేవారు. నోటీసు కూడా ఇవ్వకుండా ఆఖరి రెండు నెలల అద్దె అడ్వాన్స్‌లో సర్దుకోమని మెసేజ్ పెట్టి వెళ్లిపోయారు. తలుపు తీస్తే బాల్కనీ నిండా బిర్యానీ డబ్బాలు, సీసాలు. చిరిగిన పరుపు ఒకటి. ఫ్రిజ్ పెట్టిన మూల నుంచి బొద్దింకలు. సామాను తీయించడానికి ఆటో ట్రాలీ, పురుగుల మందు, క్లీనింగ్ అన్నీ నా జేబులోంచే పోయాయి.

అందుకే ఒక నెల అని ముందే రాసుకుంటాను. ఇద్దరికీ తెలిసి సంతకం పెట్టిన మాట అది. చివర్లో ఒక్కో మరక దగ్గర నిలబడి వాదించుకునే బాధ ఉండదు. ఓనర్లందరినీ దోచుకునేవాళ్లుగా చూడొద్దు.

నిజాంపేట_కిరాయి
మీకు జరిగింది అన్యాయమే, కాదనను. కానీ ఆ నలుగురు చేసిన ఖరాబుకు, గచ్చు రోజూ తుడుచుకున్న నేనెందుకు కట్టాలె? ఇల్లు మంచిగ పెట్టినోడికి, ఖరాబు జేసినోడికి ఒకటే కటింగ్ అయితే ఇంక మంచిగ పెట్టుకునుడు ఎందుకు?

రంగుల_మేస్త్రి
ఇరవై ఏళ్లకు పైగా పెయింటింగ్ కాంట్రాక్టులు చేస్తున్నాను. పని వైపు నుంచి నాలుగు మాటలు.

అద్దె ఇళ్లకి ఓనర్లు సాధారణంగా తక్కువ ధర రంగే వేయిస్తారు. డిస్టెంపర్ అయితే తడిగుడ్డ పెట్టగానే గుడ్డకి అంటుకుని వచ్చేస్తుంది. అలాంటి గోడని శుభ్రంగా ఉంచలేదని అద్దెవాళ్లని అనడం కుదరదు, తుడవడానికి వీల్లేని గోడ అది. కడగడానికి వీలున్న ఎమల్షన్ వేయిస్తే ఖర్చు కొంత పెరుగుతుంది కానీ క్రేయాన్ మరకలు, చేతి మరకలు చాలావరకు సబ్బు నీళ్లతో పోతాయి.

నాలుగేళ్లున్న ఇంటికి ఎవరూ ఏమీ గియ్యకపోయినా మళ్లీ రంగు వేయాల్సిందే. ఎండ పడిన గోడ వెలిసిపోతుంది. బీరువా వెనక గోడ ఒక రంగు, పక్కది ఒక రంగు కనబడుతుంది. అందుకే మరక ఉన్న చోట మాత్రమే టచప్ చేస్తే అతుకు తెలిసిపోతుంది, మొత్తం గోడ వేయాలి. ఇవన్నీ కాలం వల్ల వచ్చేవి.

స్కెచ్ పెన్ సంగతి వేరు. దాని మీద ఎన్నిసార్లు రంగు వేసినా ఇంకు పైకి ఊరి కనబడుతుంది. ముందు మరక ఆపే ప్రైమర్ కొట్టాలి. దీపం మసి కూడా అంతే. నూనె పొర ఉంటే రంగు పట్టదు, కడిగి, ఆరబెట్టి, ప్రైమర్ వేసి అప్పుడు రంగు. ఆ అదనపు పని మాత్రం అద్దెవాళ్ల వల్ల వచ్చింది అనొచ్చు.

మీ బెడ్‌రూమ్ గోడ చెమ్మ బాత్రూమ్ నుంచి వస్తోంది. టైల్స్ సందులు గానీ లోపలి పైపు గానీ చూపించండి. దాన్ని ఆపకుండా రంగు వేస్తే వచ్చే వర్షాకాలానికి మళ్లీ పెచ్చులే. అది పూర్తిగా ఓనర్ ఖర్చు.

మారతహళ్లి_తెలుగు
బెంగళూరులో ఇది ఇంకా ముదిరిపోయింది. ఒకప్పుడు పది నెలల అడ్వాన్స్ అడిగేవారు. ఇప్పుడు చాలాచోట్ల తగ్గింది కానీ ఒక నెల పెయింటింగ్ కటింగ్ మాత్రం పోలేదు. పదకొండు నెలలకే ఖాళీ చేసినా అంతే, ఆరేళ్లున్నా అంతే.

వరంగల్_వకీలు
చట్టం వైపు నుంచి ముఖ్యమైనవి చెప్తాను.

ఆస్తి బదిలీ చట్టం, 1882 సెక్షన్ 108 ప్రకారం, అద్దెదారు ఇల్లు తన స్వాధీనంలోకి వచ్చినప్పుడు ఏ స్థితిలో ఉందో అదే స్థితిలో తిరిగి అప్పగించాలి. వాడకం వల్ల వచ్చే సహజమైన అరుగుదల, మనిషి ఆపలేని విపత్తు వల్ల జరిగిన నష్టం దీనికి మినహాయింపు. రంగు వెలవడం, నేల కాస్త గీసుకుపోవడం అరుగుదల. అద్దం పగలగొట్టడం, తలుపుకి కన్నం చేయడం నష్టం. అయితే ఆ సెక్షన్ మొదట్లోనే, ఒప్పందం గానీ స్థానిక ఆచారం గానీ వేరేలా ఉంటే అదే చెల్లుతుందని ఉంది. అందుకే అగ్రిమెంట్‌లోని వాక్యానికి అంత బలం.

అలాగని ఎంత రాసుకుంటే అంత చెల్లదు. కాంట్రాక్టు చట్టం, 1872 సెక్షన్ 74 ప్రకారం, ఒప్పందం ఉల్లంఘించినప్పుడు కట్టాల్సిన మొత్తం ముందే రాసుకున్నా కోర్టు ఇప్పించేది సమంజసమైన పరిహారమే. రాసుకున్న మొత్తం దానికి పైహద్దు మాత్రమే. పని చేయించకుండా పట్టుకున్న నెల అద్దె మీద ఈ వాదన గట్టిగా వినిపించవచ్చు.

కేంద్రం 2021లో నమూనా అద్దె చట్టం తెచ్చింది. ఇళ్లకి అడ్వాన్స్ రెండు నెలల అద్దె మించకూడదని అందులో ఉంది. ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే గోడలకి వెల్ల, తలుపులకీ కిటికీలకీ రంగు యజమాని వంతు. కుళాయి వాషర్లు, డ్రెయిన్ శుభ్రం, స్విచ్చులు, కిటికీ అద్దాలు, దోమల జాలీలు అద్దెదారు వంతు. ఇది నమూనా మాత్రమే, ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం చట్టం చేసుకుంటేనే అమలవుతుంది. అయినా ఇద్దరూ కూర్చుని పంచుకోవడానికి ఆ జాబితా మంచి కొలమానం.

నిజాంపేట మిత్రులకి: డబ్బు రాబట్టుకునే దావాకి మూడేళ్ల గడువు ఉంటుంది. కోర్టుకి వెళ్లేముందు జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ప్రీ-లిటిగేషన్ దరఖాస్తు పెట్టండి. కోర్టు ఫీజు ఉండదు. నోటీసు పంపి ఇద్దరినీ కూర్చోబెడతారు. ఆ ఫోటో, అగ్రిమెంట్, అడ్వాన్స్ కట్టిన బ్యాంకు రికార్డు జాగ్రత్త చేయండి. ఫోటో ఉన్న ఫోన్‌ని మార్చేయకండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయాలి.

ఫ్రీమాంట్_వాసి
విజయవాడ అమ్మగారు చెప్పిన పద్ధతి ఇక్కడ కాలిఫోర్నియాలో చట్టంలోనే ఉంది. అద్దెదారు కోరితే చివరి రెండు వారాల్లో ఓనర్ ముందస్తు తనిఖీ చేసి ఏమేం బాగుచేయాలో రాసివ్వాలి. సరిచేసుకునే అవకాశం అద్దెదారుకి ముందు ఇవ్వాలి. ఖాళీ చేశాక 21 రోజుల్లోపు మిగిలిన డిపాజిట్, కటింగుల వివరాలు పంపాలి. కటింగు 125 డాలర్లు దాటితే బిల్లులు జతచేయాలి. క్లీనింగ్‌కి పట్టుకోగలిగేది, చేరినరోజు ఇల్లు ఎంత శుభ్రంగా ఉందో ఆ స్థితికి తేవడానికి అయ్యేంత వరకే. ఏప్రిల్ 2025 నుంచి ఓనర్లు ఫోటోలు తీయడం కూడా తప్పనిసరి చేశారు.

మాకు మణికొండలో ఒక ఫ్లాట్ ఉంది. అక్కడా ఇదే పాటిస్తున్నాం. మా బావగారు వెళ్లి వీడియో కాల్‌లో గది గదీ చూపిస్తారు, అద్దెవాళ్లూ పక్కనే ఉంటారు. దూరంగా ఉన్న ఓనర్లు బ్రోకర్ మాట మీద కటింగ్ చేయడం అస్సలు మంచిది కాదు.

లండన్_గోదారి
ఇంగ్లండ్‌లో 2019 జూన్ నుంచి, ప్రొఫెషనల్ క్లీనింగ్‌కి ఇంత కట్టాలని ఓనరు ముందే షరతు పెట్టడం నిషేధం. డిపాజిట్‌కి ప్రభుత్వం గుర్తించిన పథకంలో 30 రోజుల్లోపు రక్షణ కల్పించాలి. తగాదా వస్తే ఆ పథకం వాళ్లే ఉచితంగా తీర్పు చెప్తారు. నాకు నచ్చింది ఏంటంటే వస్తువు వయసు లెక్కేస్తారు. పాత కార్పెట్ పాడైతే కొత్త కార్పెట్ ఖరీదు ఇప్పించరు, దానికి ఇంకెంత ఆయుష్షు మిగిలిందో అంతకే. మియాపూర్ గారూ, మీ గోడకీ అదే లెక్క వేసి చూడండి.

శుభ్రం_పద్మ
నేను కొండాపూర్ వైపు క్లీనింగ్ టీమ్ నడుపుతున్నాను. ఈ చర్చలో ఒక విషయం ఎవరూ అనలేదు. ఎలాగూ ఇల్లంతా రంగు వేయిస్తున్నారు కదా. రంగు అయ్యాక నేల మీద చుక్కలు, పుట్టీ దుమ్ము, కిటికీ పట్టాల్లో ఇసుక, ఇదంతా తీయడానికే డీప్ క్లీనింగ్ పిలుస్తారు. ఆ 5,500లో పెద్ద భాగం పెయింటర్లు చేసిన మురికికి. దాన్ని పాత అద్దెవాళ్ల మీద వేయకూడదు. వాళ్ల వంతు వంటింటి జిడ్డు, బాత్రూమ్ ఉప్పు, అంతే. అవి ఖాళీ చేసేముందు వాళ్లే చేసుకుంటే సగం రోజు పని.

ఇంకొకటి, దయచేసి యాసిడ్ పోయనివ్వకండి. ఖాళీ చేసేవాళ్లు తొందరలో బాటిల్ యాసిడ్ తెచ్చి బాత్రూమ్ అంతా పోస్తారు. టైల్స్ మధ్య సిమెంటు తినేస్తుంది, కుళాయిల మెరుపు పోతుంది. తాండూరు, షాబాద్, కడప బండలు సున్నపురాళ్లు, యాసిడ్ పడగానే బుసబుసా నురగ వచ్చి ఆ చోట తెల్లగా కాలిన మచ్చ పడుతుంది. కడిగితే పోదు, పాలిష్ పట్టించాల్సిందే. మార్బుల్ అయినా అంతే. ఓ ఇంట్లో కుళాయి మీద ఉప్పు తీయబోయి కడప బండ గట్టంతా పాడుచేశారు, నేను వెళ్లేసరికి అంతా అయిపోయింది.

కుళాయిలకి నిమ్మ ఉప్పు గోరువెచ్చటి నీళ్లలో కలిపి, పాత గుడ్డ తడిపి చుట్టి అరగంట ఉంచండి. తర్వాత బ్రష్‌తో రుద్దితే ఊడివస్తుంది. బండ మీద మాత్రం అదీ పడనివ్వకండి. టైల్స్ జిడ్డుకి వేడినీళ్లలో బట్టల సోడా. చిమ్నీ జల్లెడలు అల్యూమినియంవి అయితే సోడా వద్దు, గిన్నెల సబ్బు వేసిన వేడినీళ్లలో నానబెట్టాలి.

కూకట్‌పల్లి_రెండిళ్లు
పద్మ గారు చెప్పింది నిజం, పెయింటింగ్ తర్వాతే మేమూ క్లీనింగ్ చేయిస్తాం. దాన్ని విడదీసి చూడాల్సిందే. కానీ పూజ గూడు సంగతి? ప్రతి ఇంట్లో ఇదే గొడవ. మసికి ఎవరు కట్టాలి?

సత్యనారాయణపురం_పోర్షన్లు
పూజకని గూడు కట్టించింది మనమే కదండీ. అక్కడ దీపం పెట్టుకోవడం దాని వాడకమే. దీపం వల్ల వచ్చిన మసికి డబ్బు అడగడం నాకు సబబుగా తోచదు. నేనైతే గూట్లో లోపల, పైన తెల్ల టైల్స్ వేయించాను. వారానికోసారి వాళ్లే తుడుచుకుంటారు.

రంగుల_మేస్త్రి
అమ్మగారి పద్ధతే సరైనది. గూట్లోకి కొన్ని టైల్స్ సరిపోతాయి, ప్రతిసారీ ప్రైమర్, రంగు ఖర్చు తప్పుతుంది.

మియాపూర్_ఓనర్
అందరికీ ధన్యవాదాలు. నిన్న వాళ్లింటికి వెళ్లి, మీరు చెప్పినవన్నీ కాగితం మీద పెట్టుకుని కూర్చున్నాం. తేలిన లెక్క ఇది.

ఇల్లంతా రంగు నా ఖర్చు. వాళ్లు దిగేముందే కొత్తగా వేయించిన రంగు, దానికి ఐదేళ్ల ఆయుష్షు అనుకున్నాం. హాల్లో గీతలున్న రెండు గోడలకి ప్రైమర్‌తో కలిపి మేస్త్రి విడిగా 7,000 లెక్కిచ్చాడు. ఐదేళ్లలో నాలుగేళ్లు అయిపోయాయి కాబట్టి వాళ్ల వంతు ఐదో భాగం, 1,400. దోమల జాలీకి 600. వంటిల్లు, బాత్రూములు వాళ్లే శుభ్రం చేసి ఇస్తామన్నారు, యాసిడ్ సంగతి ముందే చెప్పాను. చెమ్మకి ప్లంబర్‌ని నేనే పిలుస్తున్నాను. ఆ మచ్చ గురించి రెండేళ్ల కిందటే మెసేజ్ పెట్టామని అద్దెకున్న అబ్బాయి ఫోన్ తీసి చూపించాడు, దాని మీద ఇంక మాట లేదు. పూజ గూడుకి ఏమీ తీసుకోవడం లేదు, టైల్స్ వేయిస్తున్నాను. అంటే 44,000లో 2,000 పోను 42,000 వెనక్కి. చివరి కరెంటు బిల్లు వాళ్లే కట్టి రసీదు ఇస్తారు.

నెల అద్దె 22,000 పట్టుకుంటానేమోనని ముందే సిద్ధపడి ఉన్నామని ఆ ఇంటావిడ అన్నారు. నాలుగేళ్లు సమయానికి అద్దె కట్టినవాళ్లు అలా అనుకుంటూ ఉండటం నాకు చాలా బాధనిపించింది.

కొత్త అగ్రిమెంట్‌లో పాత వాక్యం తీసేసి ఇలా రాశాను. వకీలు గారు ఓసారి చూడండి:

"ఇల్లు అప్పగించిన రోజు తీసిన వీడియో, ఉభయులు సంతకం చేసిన వస్తువుల జాబితా ఈ ఒప్పందంలో భాగం. ఖాళీ చేయుటకు 15 రోజుల ముందు ఉభయులు కలిసి ఇల్లు చూసి, అద్దెదారు సరిచేయవలసినవి రాసుకోవాలి. సహజమైన అరుగుదలకు, రంగు వెలియుటకు, చెమ్మకు మినహాయింపు ఉండదు. అద్దెదారు వలన కలిగిన నష్టమునకు, ఆ వస్తువు వయసును లెక్కలోకి తీసుకుని, బిల్లు ఇచ్చిన మేరకే అడ్వాన్స్‌లో మినహాయించాలి."

వరంగల్_వకీలు
బాగుంది. రెండు చేర్చండి. ఒకటి, "మిగిలిన అడ్వాన్స్ తాళాలు అప్పగించిన 7 రోజుల్లో బ్యాంకు ద్వారా చెల్లించాలి" అని. గడువు రాయకపోతే వాయిదాలు మొదలవుతాయి. రెండు, మూడో వాక్యంలో "మినహాయింపు ఉండదు" అంటే అరుగుదలకి అద్దెదారే బాధ్యుడు అని కూడా చదువుకోవచ్చు. "అడ్వాన్స్ నుండి ఏమీ తగ్గించరాదు" అని స్పష్టంగా రాయండి. ఏడాది దాటిన ఒప్పందం రాసుకుంటే రిజిస్ట్రేషన్ తప్పనిసరి అని గుర్తుంచుకోండి.

నిజాంపేట_కిరాయి
గీ పేరా నేను కాపీ చేసుకుంటున్న. వచ్చే నెల కొత్త ఇంట్ల దిగుతున్నం, ఓనర్‌కు ఇదే చూపిస్త. వీడియోల ఏమేం రావాలె?

శుభ్రం_పద్మ
సామాను దింపకముందే, పగటిపూట తీయండి. గోడలు, నేల అందరూ తీస్తారు. సింకు కింది అర తెరిచి పైపు చుట్టూ చెమ్మ ఉందేమో తీయండి. ప్రతి కుళాయి తిప్పి, ఫ్లష్ నొక్కి, గీజర్ వేసి చూపించండి. దోమల జాలీలు ఒక్కోటి దగ్గర్నుంచి తీయండి. అల్మారాల లోపల, అటక మీద, ఫ్రిజ్ పెట్టే మూల వదలొద్దు. బాత్రూమ్ తలుపు కింది అంచు తప్పకుండా తీయండి, నీళ్లకి ఉబ్బేది అక్కడే. అదేరోజు వాట్సాప్‌లో ఓనర్‌కి పంపి, అందిందని జవాబు పెట్టమనండి.